ముందు బ్రేకు కీచుమంటోంది, ప్యాడ్లతో పాటు డిస్కులూ మార్చాలంటున్నారు: ఇంట్లో చేసుకోవచ్చా? (చెన్నై)

మడిపాక్కం_వంశీ
నాన్నగారి 2013 వ్యాగన్ఆర్, పెట్రోల్. 71 వేల కిలోమీటర్లు తిరిగింది. కొద్ది రోజులుగా మెల్లగా బ్రేకు వేసినప్పుడు ముందు కుడి చక్రం దగ్గర కీచుమంటోంది. గట్టిగా వేస్తే శబ్దం రాదు. ఇంటి దగ్గర ఒక గ్యారేజీలో చూపించాను. చక్రం కూడా విప్పలేదు. రిమ్ము సందులోంచి టార్చి కొట్టి చూసి, ముందు రెండు వైపులా ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్కుని రెండు పక్కలా నొక్కి ఆపేవి), డిస్కులు, వెనక లైనర్లు (డ్రమ్ము లోపల రాసుకుని ఆపేవి), బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చాలన్నారు. ఎస్టిమేట్ 11,800. ఏ పార్టు ఎంత, ఏ కంపెనీది అని అడిగితే "అన్నీ కలిపి ప్యాకేజీ సార్" అన్నారు. ఏం కొంటున్నానో చెప్పకుండా డబ్బులు కట్టమంటే నాకు నచ్చలేదు, బండి తీసుకుని వచ్చేశాను.

ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, వైపర్లు, బ్యాటరీ ఇంట్లోనే మారుస్తుంటాను. బ్రేకుల జోలికి ఇంతవరకు పోలేదు. డిస్కు నిజంగా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? ప్యాడ్లు నేను మార్చుకోగలనా? కారు కంపెనీ డబ్బాలో వచ్చేవే కొనాలా, టీవీఎస్, బాష్, రానే లాంటివి సరిపోతాయా? స్పేర్ల షాపులుండే జీపీ రోడ్‌కి వెళ్లాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా?

గూడూరు_ఎక్స్‌ప్రెస్
చక్రం విప్పకుండానే డిస్కు పోయిందని చెప్పేశారా! మంచి పని చేశారు, వచ్చేసి.

తాంబరం_శ్రీను
ఫిల్టర్లు, వైపర్లు మీరే మార్చుకోండి, ఎవరూ కాదనరు. బ్రేకులు మాత్రం వద్దు. ఫిల్టరు సరిగ్గా కూర్చోకపోతే కాస్త దుమ్ము లోపలికి పోతుంది. బ్రేకు సరిగ్గా కూర్చోకపోతే మీకే కాదు, రోడ్డు మీద పోయేవాడికీ ప్రమాదం. ఈ గ్యారేజీ నచ్చకపోతే ఇంకో మెకానిక్‌ని చూసుకోండి. మాకు తెలిసిన ఆయన ఉన్నారు, ఎదురుగా నిలబడి చూడనిస్తారు.

వేళచ్చేరి_పద్మ
శ్రీను గారూ, మీ భయం న్యాయమే. కానీ ప్యాడ్లు మార్చడం వేరు, బ్రేకు లైను విప్పడం వేరు. ప్యాడ్లకి ఆయిల్ పైపు ఎక్కడా విప్పక్కర్లేదు, అందువల్ల లైనులో గాలి చేరే పని లేదు. నా స్విఫ్ట్‌కి నేనే మార్చుకుంటాను, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే.

వంశీ గారూ, బ్రేకు సంగతి తర్వాత, బండి ఎత్తే సంగతి ముందు చూడండి. బండితో పాటు ఇచ్చే జాకీ స్టెప్నీ మార్చడం వరకే. దాని మీద బండిని వదిలి చక్రం తీసి గంటలు గంటలు పని చేయకూడదు. జాకీ స్టాండ్లు (ఎత్తిన బండిని కింద నుంచి మోసే ఇనుప కాళ్లు) ఒక జత కొనండి. ఇటుకలు, హాలోబ్లాకులు అస్సలు పెట్టకండి, చెప్పా పెట్టకుండా పగులుతాయి. నేల సిమెంటుదై చదునుగా ఉండాలి. వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి, హ్యాండ్‌బ్రేకు లాగండి, గేరులో ఉంచండి. వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకోవాలి. తీసిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెట్టండి. ఏది జారినా బండి దాని మీద ఆగుతుంది. ఇవన్నీ అమర్చుకోవడానికి ఓపిక లేని రోజున పని మొదలుపెట్టకండి.

తాంబరం_శ్రీను
మీలా స్టాండ్లు, దిమ్మలు పెట్టి చేసేవాళ్లు ఎంతమంది అక్కా? చాలామంది ఒక వీడియో చూసి పానా పట్టుకుంటారు. నా గోల వాళ్ల గురించే.

ఆవడి_మావయ్య
ట్రాన్స్‌పోర్టు వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాను. శ్రీను చెప్పిందీ, పద్మ చెప్పిందీ రెండూ వినాల్సినవే. వంశీ బాబూ, నువ్వు ఇప్పుడే ఏమీ కొనకు. ముందు చక్రం విప్పి చూడు. చూడకుండా కొనే పార్టు ఎంత మంచిదైనా దండగే.

మెల్లగా బ్రేకు వేస్తే కీచు, గట్టిగా వేస్తే లేదు అన్నావు. చాలా ప్యాడ్లకి వెనక ప్లేటు మీద ఒక చిన్న రేకు ఉంటుంది. మెటీరియల్ అరిగి చివరికి వచ్చాక ఆ రేకు డిస్కుకి రాసుకుని అరుస్తుంది. మార్చమని చెప్పడానికే దాన్ని అలా పెట్టారు. నీది అదే అయుండొచ్చు. అలాగని తేల్చేయకు.

ప్యాడ్ మందం చూసేటప్పుడు వెనక ఇనుప ప్లేటుని లెక్కలో కలపకూడదు. మెటీరియల్ మాత్రమే కొలవాలి. కొత్తదాని మీద దాదాపు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కి దిగితే మార్చేయ్. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ రెండూ విడివిడిగా కొలువు. టార్చి కొడితే కనపడేది బయటిదే. లోపలిది పిస్టన్ (ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్‌ని నొక్కే ముక్క) వైపు దాక్కుని ఉంటుంది, అసలు కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది.

డిస్కు సంగతి ఇంకా తేలిక. ఎంత పల్చబడితే తీసేయాలో ఆ కనిష్ఠ మందం డిస్కు మీదే అచ్చుపోసి ఉంటుంది. తుప్పు పట్టి ఉంటే వైరు బ్రష్షుతో రుద్దు, కనపడుతుంది. దవడల మధ్య పట్టి మందం కొలిచే వెర్నియర్‌తో కొలువు. అయితే డిస్కు అంచున అరగని చోట గట్టులా లేచి ఉంటుంది, వెర్నియర్ దవడలు దాని మీద కూర్చుంటే కొలత ఎక్కువ చూపిస్తుంది. రెండు రూపాయి నాణేలు తీసుకుని డిస్కుకి అటొకటి ఇటొకటి పెట్టి కలిపి కొలువు, తర్వాత నాణేల మందం తీసేయ్. మూడు నాలుగు చోట్ల కొలిచి కాగితం మీద రాసుకో.

ఇంకో ప్రశ్న. అరవైలో వెళ్తూ బ్రేకు వేస్తే పెడల్ గానీ స్టీరింగ్ గానీ అదురుతోందా?

మడిపాక్కం_వంశీ
అదరడం లేదు మావయ్యా. ఆదివారం విప్పుతాను. వెర్నియర్ మా అన్నయ్య దగ్గరుంది.

గూడూరు_ఎక్స్‌ప్రెస్
రూపాయి నాణెంతో పదకొండు వేలు మిగిలేలా ఉందే!

ఓఎంఆర్_కిరణ్
పార్టుల విషయంలో నా పద్ధతి చెప్తాను. ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల చాసిస్ నంబరుతో ముందు కారు కంపెనీ పార్ట్ నంబరు తెలుసుకుంటాను. ఆ నంబరు పెట్టి ఆన్‌లైన్‌లో వెతికితే దానికి సరిపోయే మిగతా బ్రాండ్లు కూడా వస్తాయి. ధర ముందే తెలుస్తుంది. షోలింగనల్లూర్ నుంచి మౌంట్ రోడ్ పక్కనున్న జీపీ రోడ్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లి, షాపులో నిలబడి బేరం ఆడే పని తప్పుతుంది.

కౌంటర్_కుర్రాడు
జీపీ రోడ్‌లో స్పేర్ల షాపులోనే పని చేస్తాను కాబట్టి కౌంటర్ ఇవతలి సంగతి చెప్తా. చాలామంది వచ్చి "వ్యాగన్ఆర్ ప్యాడ్లు ఇవ్వు" అంటారు. ఏ సంవత్సరం, ఏ ఇంజిన్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసేది) ఉందా లేదా అంటే తెలియదు. పేరు ఒకటే అయినా మోడల్ మారితే పార్టు మారిపోతుంది. ఆర్‌సీ ఫొటో తెండి. కుదిరితే పాత పార్టే తెండి, పక్కపక్కన పెట్టి చూసుకుంటే సందేహమే ఉండదు. కిరణ్ అన్న చెప్పిన ఆన్‌లైన్‌లో ఈ సౌకర్యం లేదు. సైజు తేడా వస్తే వెనక్కి పంపి మళ్లీ వచ్చేదాకా బండి స్టాండ్ల మీదే ఉంటుంది.

ఇక రకాలు. ఒకటి కారు కంపెనీ పేరున్న డబ్బా. రెండోది ఆ పార్టులు తయారుచేసే కంపెనీ తన సొంత పేరుతో అమ్మే డబ్బా. మూడోది లోకల్ సరుకు, అది తన పేరుతోనే వస్తుంది, పెద్ద పేరేమీ చెప్పుకోదు. నాలుగోదే ప్రమాదం: మంచి కంపెనీ డబ్బాని అచ్చుగుద్ది లోపల ఇంకేదో పెట్టేది. హోలోగ్రామ్ గీకి చూడండి, అక్షరాల అచ్చు చూడండి, ఎంఆర్‌పీ స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ ఉందేమో చూడండి, జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. "బిల్లు లేకపోతే తగ్గిస్తాం" అనే చోట బ్రేకు పార్టులు కొనకండి. మా షాపైనా సరే.

ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టులన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు చాలావాటికి 28 ఉండేది. ఎవరైనా ఇంకా 28 వేసి బిల్లు రాస్తే అక్కడే అడగండి.

పాడి_షిఫ్ట్‌మనిషి
కౌంటర్ తమ్ముడు చెప్పిన రెండో రకం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను ఉండేది ఆ పరిశ్రమలోనే. బ్రేకులు, లైనింగులు, స్టార్టర్ మోటార్లు, చక్రాలు తయారుచేసే కంపెనీలు పాడి, అంబత్తూరు చుట్టుపక్కలే ఎన్నో ఉన్నాయి. బ్రేక్స్ ఇండియా, లూకాస్ టీవీఎస్, సుందరం బ్రేక్ లైనింగ్స్, వీల్స్ ఇండియా అన్నీ ఈ ఊరివే. రానే కూడా మద్రాసు కంపెనీయే. ఒకప్పుడు అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లకి రేడియేటర్ మూతలు సుందరం ఫాస్టెనర్స్ నుంచి వెళ్లాయి. ఇంత మంచి సరుకు తయారయ్యే ఊళ్లో ఉండి డూప్లికేట్ కొనడం నాకు బాధగా ఉంటుంది.

అయితే "కంపెనీ ఒకటే కాబట్టి రెండు డబ్బాల్లో ఒకటే సరుకు" అని చాలామంది అనుకుంటారు. అది అన్నిసార్లూ నిజం కాదు. కారు కంపెనీకి వాళ్లు అడిగిన మిశ్రమంతో చేసి ఇస్తారు. బజారుకి పంపేది వేరే మిశ్రమం కావచ్చు. నాసిరకమని కాదు, వేరు. దుమ్ము తక్కువ, మన్నిక ఎక్కువ, ధర తక్కువ అని ఒక్కోదానికి ఒక్కో లెక్క.

కొనేటప్పుడు ప్యాడ్ అంచున గానీ వెనక గానీ అచ్చువేసిన కోడ్ చూడండి. చివర్లో రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, ఈఈ (EE), ఎఫ్ఎఫ్ (FF), జీఎఫ్ (GF) ఇలా. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ‘ఈ’ (E) అంటే ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఎఫ్ ఉంటే చల్లగా ఉన్నా వేడెక్కినా ఒకే తీరులో పడుతుంది, ఊళ్లో తిరిగే బండికి హాయి. రెండో అక్షరం మొదటిదానికన్నా తక్కువదైతే వేడెక్కాక పట్టు తగ్గుతుందన్నమాట, ఏర్కాడు ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఈ అక్షరాలు పట్టు గురించే చెప్తాయి, మన్నిక గురించి కాదు. అసలు ఏ కోడూ లేని ప్యాడ్ అయితే కింద పెట్టేసి వచ్చేయండి.

ఓఎంఆర్_కిరణ్
ఇన్నాళ్లూ ప్యాడ్ల మీద ఆ అక్షరాలు చూస్తూనే ఉన్నాను, ఎవరూ చెప్పలేదు. సేవ్ చేసుకున్నా.

పాతకారు_ప్రేమికుడు
ఇవన్నీ ఎందుకు, బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ వరకు కారు కంపెనీ డబ్బా తప్ప ఇంకోటి ముట్టుకోకూడదు. మా కాలనీలో ఒకాయన చవగ్గా వస్తున్నాయని ఏవో గట్టి ప్యాడ్లు వేయించారు. ప్యాడ్లు అరగలేదు గానీ డిస్కులు గీతలు పడి పల్చబడిపోయాయి. ప్యాడ్ల మీద మిగిలింది డిస్కులకి పెట్టారు.

పాడి_షిఫ్ట్‌మనిషి
ఆయన వేయించింది లోకల్ సరుకు కదా. దానికీ, పేరున్న తయారీదారుడి సొంత డబ్బాకీ పోలిక లేదు. కారు కంపెనీ డబ్బానే కొంటానంటే కొనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అది కొనలేనివాడు చేతిలో డబ్బు లేక అరిగిన ప్యాడ్లతో ఇంకో ఏడాది తిరగడం కన్నా టీవీఎస్‌వో బాష్‌వో మంచివి వేసుకోవడం వెయ్యి రెట్లు మేలు.

పాతకారు_ప్రేమికుడు
అది ఒప్పుకుంటాను. నా మాట కొనగలిగినవాళ్లకి.

ఓఎంఆర్_కిరణ్
పాత బండ్ల పార్టులు అమ్మే పుదుపేటలో పాత డిస్కులు చవగ్గా దొరుకుతాయంటారు కదా, అవి?

ఆవడి_మావయ్య
పుదుపేట మంచి చోటే బాబూ, దేనికి వెళ్లాలో తెలిస్తే. సైడ్ మిర్రర్, హెడ్‌లైట్, డోర్ హ్యాండిల్, పవర్ విండో మోటారు, లోపలి ప్లాస్టిక్ ముక్కలు, ఇలాంటివి పాత బండ్లవి శుభ్రంగా దొరుకుతాయి. పాత మోడళ్లకి కొత్తవి రావడం మానేస్తే అదే దిక్కు. బ్రేకులు, టై రాడ్లు, బాల్ జాయింట్లు, రబ్బరు పైపులు మాత్రం వాడినవి కొనకు. ఎన్ని వేలు తిరిగిందో, వరదలో నానిందో ఎవడికి తెలుసు? ఏది కొన్నా బిల్లు తీసుకో, దొంగ బండి పార్టు కాదని నీ దగ్గర కాగితం ఉండాలి.

తిరువాన్మియూర్_సుజాత
సముద్రం పక్కన ఉండేవాళ్ల తరఫున ఒక మాట. మా వీధిలో బండి నాలుగు రోజులు కదపకపోతే డిస్కుల మీద ఎర్రగా తుప్పు పొర వస్తుంది. తీసిన మొదటి కొన్ని బ్రేకులకి గరగరమంటుంది, తర్వాత పోతుంది. దాన్ని చూసి డిస్కు పోయిందనుకోకండి. వానల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బండిని ఎక్కువ రోజులు ఆపేటట్టయితే హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేయకండి. తడికి వెనక లైనర్లు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. చదునైన చోట గేరులో పెట్టి, చక్రానికి దిమ్మ అడ్డం పెడితే చాలు.

వేళచ్చేరి_పద్మ
సుజాత గారు చెప్పింది మా ఏరియాకి కూడా వర్తిస్తుంది, సముద్రం లేకపోయినా నీళ్లకి కొదవ లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానలకి మా సెల్లార్ నిండింది. నీళ్లలో నిలబడ్డ బండ్లని స్టార్ట్ చేయకుండా తోయించి బయటపెట్టినవాళ్ల ఇంజిన్లు బతికాయి. స్టార్ట్ చేసి చూసినవాళ్లకి సిలిండర్లోకి నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్లు వంగాయి.

గూడూరు_ఎక్స్‌ప్రెస్
చూడకుండా పార్టు మార్చడం అంటే గుర్తొచ్చింది. మా బావ బండి పొద్దున్నే స్టార్ట్ అయ్యేది కాదు. ఒకచోట బ్యాటరీ మార్చమన్నారు, ఇంకోచోట ఆల్టర్నేటర్ మార్చమన్నారు. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజిన్ ఆన్‌లో 14.2. రెండూ బాగానే ఉన్నాయి. చివరికి చూస్తే బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు దగ్గర తుప్పు పట్టింది. ఎమరీ పేపర్‌తో రుద్ది బిగిస్తే అయిపోయింది. బావ మాత్రం మన తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్‌ని ఎవరైనా అనుమానిస్తారా అని ఊరంతా చెప్పుకున్నాడు.

మడిపాక్కం_వంశీ
విప్పాను. ముందు పద్మ గారికి, మావయ్యకి దండం. స్టాండ్లు, దిమ్మలు అన్నీ పెట్టే చేశాను.

ఎడమ చక్రం: లోపలి ప్యాడ్ 5, బయటిది 5.5. కుడి చక్రం: బయటిది 6, లోపలిది 2 కూడా లేదు, రేకు డిస్కుకి తగులుతోంది. డిస్కులు రెండూ నాణేల పద్ధతిలో కొలిచాను. రాసి ఉన్న కనిష్ఠం కన్నా రెండూ ఒక మిల్లీమీటరు పైనే ఉన్నాయి. గోరు పెట్టి చూస్తే లోతు గీతలేమీ తగల్లేదు.

అంటే డిస్కులు మార్చాల్సిన పని లేదు కదా? కుడి వైపు లోపలిది మాత్రమే ఎందుకు అంతగా అరిగింది?

ఆవడి_మావయ్య
డిస్కులు ఉంచుకో. ఇప్పుడు అసలు జబ్బు దొరికింది. ప్యాడ్లు మార్చి ఊరుకుంటే కొన్ని నెలల్లో మళ్లీ ఇదే పాట.

ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి నొక్కే బిగింపే కాలిపర్. నీ కాలిపర్‌కి పిస్టన్ ఒక వైపే ఉంటుంది. అది ముందుగా లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కుతుంది. అప్పుడు కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి, బయటి ప్యాడ్‌ని అటువైపు నుంచి లాగి పెట్టాలి. ఆ పిన్నులు ఎండిపోయి పట్టేస్తే కాలిపర్ జారదు. భారమంతా లోపలి ప్యాడే మోస్తుంది. కాలు తీసినా వెనక్కి రాదు, రాసుకుంటూనే ఉంటుంది. ఆ పిన్నుల్ని చేత్తో లాగి చూడు. మంచిదైతే వేళ్లతో లోపలికీ బయటికీ జారాలి. పిస్టన్ రబ్బరు చుట్టూ తడి ఉందేమో కూడా చూడు. తడి ఉంటే ఆయిల్ కారుతున్నట్టు, అప్పుడు అది నువ్వు చేసే పని కాదు, శ్రీను చెప్పిన మెకానిక్ దగ్గరికి వెళ్లు.

మడిపాక్కం_వంశీ
పిస్టన్ దగ్గర పొడిగానే ఉంది. పై పిన్ను జారుతోంది. కింది పిన్ను కదలడమే లేదు! అటూ ఇటూ తిప్పుతూ లాగితే వచ్చింది, గోధుమ రంగు తుప్పు, పిన్నుని కప్పే రబ్బరు బూటు చిరిగి ఉంది.

పాడి_షిఫ్ట్‌మనిషి
బూటు చిరిగి నీళ్లు పోయాయి. పిన్ను మీద తుప్పు పైపైన ఉంటే రుద్ది వాడొచ్చు, గుంతలు పడి ఉంటే కొత్తది వేయాలి. పిన్నులు, బూట్లు కలిపి కిట్టుగా అమ్ముతారు. రెండు చక్రాలకీ వేసేయండి. పై పిన్ను, కింది పిన్ను కొన్ని బండ్లకి వేర్వేరుగా ఉంటాయి, ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉంటుంది. తీసిన చోటే పెట్టాలి, మార్చకూడదు.

గ్రీజు విషయంలో జాగ్రత్త. ఇంట్లో ఉన్న బేరింగ్ గ్రీజు, ఇంజిన్ ఆయిల్ అక్కడ పూయకండి. పెట్రోలియం గ్రీజుకి బ్రేకు రబ్బరు ఉబ్బి పిన్నుని మళ్లీ పట్టేస్తుంది. బ్రేకు కాలిపర్ గ్రీజు అని సిలికాన్‌ది విడిగా దొరుకుతుంది, చిన్న ప్యాకెట్ చాలు. పల్చగా పూయండి. డిస్కు మీద గానీ ప్యాడ్ మీద గానీ చుక్క కూడా పడకూడదు.

కౌంటర్_కుర్రాడు
ఆ కిట్టు, గ్రీజు, బ్రేక్ క్లీనర్ డబ్బా మూడూ జీపీ రోడ్‌లో ఏ మంచి షాపులోనైనా దొరుకుతాయి. చిరిగిన బూటు, పిన్ను జేబులో వేసుకుని రండి. ప్యాడ్లు రెండు చక్రాలకీ కలిపి సెట్టుగానే వస్తాయి, ఒక వైపే వేసి రెండో వైపు సెట్టు దాచుకోకండి. బండి ఒక పక్కకి లాగుతుంది.

వేళచ్చేరి_పద్మ
పిస్టన్ లోపలికి నొక్కే ముందు బానెట్‌లో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి మట్టం చూడండి. పిస్టన్ వెనక్కి పోతుంటే ఆయిల్ పైకి వస్తుంది. పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, చుట్టూ గుడ్డ కప్పండి. సీ ఆకారపు మరబిగింపు, అంటే సీ-క్లాంప్‌తో, పాత ప్యాడ్‌ని అడ్డం పెట్టి, మెల్లగా నొక్కాలి. కాలిపర్‌ని రబ్బరు పైపు మీద వేలాడదీయకండి, తీగతో చక్రం వెనకున్న పెద్ద స్ప్రింగుకి కట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది: రెండు చక్రాలూ బిగించాక, బండి కదిపే ముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూ ఉండాలి. పిస్టన్ వెనక్కి నొక్కాం కదా, మొదటి తొక్కుళ్లకి పెడల్ నేలకి పోతుంది. ఈ పని చేయకుండా సెల్లార్ ర్యాంపు దిగితే ఎదురుగా గోడే.

తాంబరం_శ్రీను
ఈ ఒక్క పాయింటు కోసమే నేను మొదట వద్దన్నది. వంశీ గారూ, దీన్ని కాగితం మీద రాసి స్టీరింగ్‌కి అంటించుకోండి.

మడిపాక్కం_వంశీ
అంటించాను శ్రీను గారూ, నిజంగానే. 😀

పని అయిపోయింది. ప్యాడ్ సెట్టు పేరున్న తయారీదారుడి సొంత డబ్బాదే తీసుకున్నాను, మీద ఎఫ్ఎఫ్ అని ఉంది. దాంతో పాటు పిన్నుల కిట్టు, గ్రీజు, క్లీనర్. అన్నీ కలిపి 2,650, బిల్లుతో. స్టాండ్లు విడిగా 1,900, అవి ఎప్పటికీ పనికొస్తాయి. కింది పిన్నుకి గుంతలు ఉన్నాయి, కొత్తదే వేశాను. ఇప్పుడు కాలిపర్ రెండు వేళ్లతో జారుతోంది. వీల్ నట్లు మాన్యువల్‌లో చెప్పిన బిగింపు లెక్కకి, అంటే ఆ టార్క్‌కి బిగించాను, టార్క్ పానా అన్నయ్య ఆఫీసు నుంచి తెచ్చాడు. కీచు శబ్దం పోయింది, కానీ బ్రేకు కొంచెం మెత్తగా పడుతున్నట్టుంది. పాత పట్టు లేదు.

ఆవడి_మావయ్య
పెడల్ మెత్తగా స్పాంజిలా దిగుతోందా, పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగడం ఆలస్యమవుతోందా? మొదటిదైతే నడపకు. రెండోదైతే భయం లేదు, కొత్త ప్యాడ్లు ఇంకా డిస్కుకి సర్దుకోలేదు.

మడిపాక్కం_వంశీ
పెడల్ గట్టిగానే ఉంది. రెండోదే.

ఆవడి_మావయ్య
అయితే తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకో. యాభైకి వెళ్లి, మధ్యరకంగా బ్రేకు వేసి పదికి తీసుకురా. పూర్తిగా ఆపకు. మళ్లీ యాభై, మళ్లీ పది. ఇలా ఎనిమిది, పది సార్లు చెయ్, మధ్యలో కాస్త దూరం బ్రేకు వేయకుండా నడిపి గాలి తగలనీ. చివర్లో వేడి మీద బండి ఆపి పెడల్ తొక్కి పట్టుకోకు, ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడుతుంది. తర్వాత మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ముందు బండికి దూరం పాటించు.

గూడూరు_ఎక్స్‌ప్రెస్
మడిపాక్కం నుంచి అయితే పల్లావరం–తొరైపాక్కం రేడియల్ రోడ్డు దగ్గర. కానీ అయిదున్నర లోపే వెళ్లాలి, ఆ తర్వాత అది ఖాళీ రోడ్డు కాదు.

మడిపాక్కం_వంశీ
చేశాను. పట్టు వచ్చేసింది, పాతదానికన్నా బాగుంది. నాన్నగారు నడిపి చూసి "ఇప్పుడు మన బండిలా ఉంది" అన్నారు. మిగిలినవి రెండు: వెనక లైనర్లు, బ్రేక్ ఆయిల్. ఆ గ్యారేజీవాళ్లు ఇవీ మార్చాలన్నారు కదా.

పాడి_షిఫ్ట్‌మనిషి
లైనర్లు కూడా డ్రమ్ము విప్పి చూశాకే. విప్పినప్పుడు లోపలి నల్ల దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, నోటితో అసలే వద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకి మంచిది కాదు. క్లీనర్ కొట్టి తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి.

ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్చేయడమే మంచిది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన ఊరి గాలికి ఇంకాను. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ రకం. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు. డాట్ 4కి అవి 230, 155. మరిగితే లైనులో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ దిగిపోతుంది. మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే పోయండి. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, వీటితో కలవదు. పేరు చూసి మోసపోకండి.

తాంబరం_శ్రీను
ఇది లైను విప్పే పని. ఇప్పుడైనా నా మాట వినండి, మెకానిక్ దగ్గర చేయిద్దాం.

వేళచ్చేరి_పద్మ
ఈసారి నేను కూడా శ్రీను గారి వైపే. లైనులో చేరిన గాలి తీయడానికి ఇద్దరు కావాలి, వరస తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి. మొదటిసారి పక్కన నిలబడి చూడండి. తీసిన పాత ఆయిల్‌ని వాళ్ల దగ్గరే డబ్బాలో వేయించండి, కాలవలో పోయనివ్వకండి.

మడిపాక్కం_వంశీ
సరే శ్రీను గారూ, మీ మెకానిక్ నంబరు పంపండి. లైనర్లు, ఆయిల్ రెండూ ఆయన దగ్గరే. మూత మీద డాట్ 3 అని ఉంది. ఆయిల్ నేను కొనుక్కుని వెళ్లొచ్చా?

కౌంటర్_కుర్రాడు
వెళ్లండి అన్నా, సీలున్న సీసా తీసుకోండి. ఒక లీటరు కొంటే లైనంతా కడిగినట్టు పూర్తిగా మార్చొచ్చు. తెరిచి మిగిలింది ఇంట్లో దాచకండి, తేమ పడుతుంది.

తాంబరం_శ్రీను
నంబరు మెసేజ్‌లో పంపాను. శనివారం పదకొండు దాటాక రమ్మన్నారు, వానొస్తే ఆదివారం. తీసిన పాత ప్యాడ్లు, ఆ తుప్పు పిన్ను కూడా తెమ్మన్నారు, చూస్తారట.